చేతి కంప్యూటరు – దాని ఉపాంగములు



తొర్రూరులో వరంగల్లు పోవు బస్సు నెక్కినప్పుడు కండక్టరు చేతనున్న చిన్న యంత్రమును మీరు చూచియే యుందురు. మీట నొక్కగానే అందుండి టిక్కెట్టు వెలువడును. కరెంటు మీటరు చూడవచ్చిన ఉద్యోగి చేతిలోను అట్టిదే యొకటి యుండును. అంకెలు కొట్టి అప్పటికప్పుడే బిల్లును మీ చేతి కిచ్చును. చౌకధరల దుకాణములో బియ్యము తూచుటకు ముందు మీ వ్రేలిముద్ర నడుగు యంత్రమును ఆ జాతిలోనిదే. ఇవి యన్నియు చేతిలో నిముడు కంప్యూటరులు.

నేటి నా ప్రసంగము ముఖ్యముగా యంత్రమును గూర్చి కాదు. దాని నంటిపెట్టుకొని యుండు చిన్నచిన్న పరికరములను గూర్చియు, దూరమున నున్న పెద్ద లెక్కలతో అది సంబంధము పెట్టుకొను మార్గములను గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిని. “ఈ తీగలు, ఈ కార్డులు మాకెందుకు? అవి కుర్రవారు చూచుకొందురు” అని మీలో కొందరనవచ్చును. కాని ఊరిలో ఒక ముదుసలికి పింఛను ఆగినప్పుడు, ఒక కూలివానికి బియ్యము అందనప్పుడు మొదట వచ్చునది మీ గడప యొద్దకే గదా!

మోటబావి నెరిగినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. బావిలో నీరు నిండుగా నున్నది. ఎద్దులు బలముగా నున్నవి. మడి ప్రక్కనే యున్నది. అయినను మోకు తెగినచో, గిలక విరిగినచో, బొక్కెనకు చిల్లి పడినచో ఒక్క చుక్కయు మడికి చేరదు. చేతి కంప్యూటరు సంగతియు నంతే. ఖజానాలో సొమ్ముండును, యంత్రము క్రొత్తదే యై యుండును. ఉపాంగములలో నొక్కటి తప్పినను ఆ సొమ్ము మనిషి చేతికి రాదు.

ఈ ఉపాంగములు ఎట్లు పుట్టినవో కొంచెము చూతము. 1996వ సంవత్సరమున అమెరికాలో పామ్ పైలట్ అను చేతి కంప్యూటరు వెలువడెను. అది చొక్కా జేబులో పట్టును. దానిలో చిరునామాలును, చేయవలసిన పనులును వ్రాసికొనెడివారు. అట్టి యంత్రములు అంతకు మున్ను లేకపోలేదు. కాని దీనితో కూడ ఒక చిన్న పీట వచ్చెను. ఇంగ్లీషువారు దానికి ఉయ్యెల యను అర్థము గల పేరు పెట్టిరి. సాయంకాలము ఇంటికి వచ్చి యంత్రమును ఆ పీటపై కూర్చుండబెట్టి ఒక్క మీట నొక్కినచో, తీగ ద్వారా మేజా మీది పెద్ద కంప్యూటరులోని లెక్కయు, చేతి యంత్రములోని లెక్కయు సరిపోవును. పూర్వము పట్వారి ఊరిలో తిరిగి వ్రాసికొన్నదానిని తహసీలు కచేరిలోని పెద్ద పుస్తకములో నెక్కించుట వంటిదే ఈ పని.

పిదప తీగతో పనిలేని మార్గములు వచ్చెను. 1998లో వచ్చిన పామ్ మూడవ యంత్రము కంటికి కనబడని పరారుణ కిరణములతో మరియొక యంత్రమునకు సంగతులను పంపగలిగెను. మన యిండ్లలోని టెలివిజను రిమోటులలో పెక్కింటి పద్ధతియు నిదియే. కాని యంత్రములు రెండును ఎదురెదురుగా నుండవలెను. నడుమ చేయి అడ్డము వచ్చిన చాలును, మాట తెగిపోవును. ఆ కొరతను తీర్చుటకు బ్లూటూత్ అను దగ్గరి రేడియో పద్ధతి వచ్చెను. పదియవ శతాబ్దమున డెన్మార్కు దేశము నేలిన హరాల్డ్ రాజునకు గల మారుపేరును దీనికి పెట్టిరి. విడివడి యున్న తెగలను అతడు కలిపెనని ప్రసిద్ధి. వేరువేరు యంత్రములను కలుపు సాధనమునకు ఆ పేరు తగునని వారి తలంపు.

ఇవి మొదట సంపన్నుల జేబులలోని వస్తువులు. మనిషికొక యంత్రము కొనుట పల్లెటూరివానికి సాధ్యమా? ఈ ప్రశ్నకు బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ ఆచార్యులును, ఎన్‌కోర్ అను సంస్థకు చెందిన ఇంజనీర్లును కలిసి ఒక సమాధాన మాలోచించిరి. 2001లో వారు లోకమునకు చూపిన యంత్రము పేరు సింప్యూటరు. దానిని సుమారు 9,000 రూపాయలకు అందింపవలెనని వారి సంకల్పము. యంత్రము ఊరి కొక్కటి యుండును. కార్డు మాత్రము ఎవరిది వారి యొద్ద నుండును. ఎవరి వంతు వచ్చినప్పుడు వారి కార్డును దాని సందులో పెట్టినచో, ఆ కొంతసేపు అది వారి యంత్రమే యగును. చదువురానివారి కొరకు వ్రాతను మాటగా వినిపించు ఏర్పాటును ఆలోచించిరి. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థవారు తయారుచేయగా అది అంగడికి వచ్చెను గాని, తలచినంతగా అమ్ముడు పోలేదు. సెల్‌ఫోను వచ్చి దాని చోటును ఆక్రమించెను. యంత్రము మరుగుపడినను ఆ యోచన మన సీమలోనే మరియొక రూపమున ఫలించెను. అది యెట్లో చెప్పెదను.

2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకము ప్రారంభమైనదని మీ కందరకు తెలియును. పని దొరికెను, కాని చేసిన పనికి కూలి అందుటలో ఆలస్యములును, మధ్యవర్తుల చేతివాటములును ఉండెను. దీనిని సరిచేయుటకు నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్మార్ట్‌కార్డు పద్ధతిని తలపెట్టెను. 2007 ప్రాంతమున మొదటి పరీక్ష జరిగిన జిల్లా మన వరంగల్లే. తొర్రూరు నాడు ఆ జిల్లాలోనిది. 2016లో జిల్లాల విభజన జరిగినప్పుడు మహబూబాబాద్ జిల్లాలో చేరినది.

ఆ పద్ధతిలో ప్రతి మనిషికి ఒక కార్డు. కార్డులో గోరంతటి చిప్పు. అందులో అతని వివరములును, వ్రేలిముద్రల గుర్తులును ఉండును. ఊరిలోనే యుండు ఒక ప్రతినిధి యొద్ద, సాధ్యమైనంతవరకు మహిళాసంఘములో సభ్యురాలైన చదువుకొన్న స్త్రీ యొద్ద, చేతి యంత్ర ముండును. కూలి పుచ్చుకొనవచ్చినవాడు కార్డును యంత్రములో పెట్టి వ్రేలిని అద్దముపై నుంచును. ఆ వ్రేలిగుర్తును కార్డులోని గుర్తుతో యంత్రము అక్కడికక్కడే పోల్చి చూచును. సరిపోయినచో సొమ్ము చెల్లును; రశీదు అచ్చగును. పెక్కు యంత్రములు ఎంత సొమ్ము చెల్లినదో తెలుగులో పైకి చదివి చెప్పెడివి. చదువురాని కూలి తన మొత్తమును తన చెవులతో వినెను. ఆవల నిలిచిన పదిమందియు వినిరి.

ఇందొక విశేషమును గమనింపుడు. మనిషిని గుర్తుపట్టుటకు ఆ క్షణమున టవరుతో పనిలేదు. కావలసిన గుర్తు అతని కార్డులోనే యున్నది. సిగ్నలు దొరకినప్పుడు యంత్రము ఆ చెల్లింపుల లెక్కను దూరమున నున్న బ్యాంకు లెక్కలలో కలుపుకొనును. పామ్ యంత్రము పగలంతయు తిరిగి సాయంకాలము పీట యెక్కినట్లే యిది.

ఈ పద్ధతి ఫలితమును కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అను ముగ్గురు ఆచార్యులు పరీక్షించిరి. మన పొరుగున నున్న ఖమ్మము, నల్లగొండ జిల్లాలతో కూడ 8 జిల్లాలలో సుమారు కోటి 90 లక్షల జనము గల మండలములలో, ఏ మండలమునకు ముందు కార్డులు, ఏ మండలమునకు తరువాత అని చీట్లు వేసినట్లు నిర్ణయించి, రెండేండ్ల పిమ్మట పోల్చి చూచిరి. 2016లో ఆ ఫలితములు ప్రకటితము లయ్యెను. కూలి సొమ్ము తెచ్చుకొనుటకు పట్టు కాలము ప్రతి పర్యాయము సుమారు 22 నిమిషములు తగ్గెను. సొమ్ము అందుటలోని జాప్యము 29 శాతము తగ్గెను. మధ్యలో జారిపోవు సొమ్ము 41 శాతము తగ్గెను. కార్డు పొందినవారిలో నూటికి 90 మందికి పైగా పాత పద్ధతికంటె నిదియే మేలని చెప్పిరి. నాటికి చెల్లింపులలో సుమారు సగము మాత్రమే క్రొత్త పద్ధతికి మారెననుటయు గమనింపదగినది. కార్డు లేనివారికి పాత పద్ధతిని చెల్లించుట మానలేదు. కనుకనే ఎవరికిని ద్వారము మూయబడలేదు.

ఇప్పుడు మరియొక సీమ వృత్తాంతము. ఝార్ఖండు రాష్ట్రములోని చౌకధరల దుకాణములలో 2016 తరువాత చేతి యంత్రములతో ఆధారు గుర్తింపును పెట్టిరి. ఇచ్చట గుర్తు మనిషి చేతి కార్డులో లేదు. దూరమున నున్న కేంద్ర భాండారములో నున్నది. ఆ ముగ్గురు ఆచార్యులే దానిని కూడ పరీక్షించిరి. రేషను కార్డుతో ఆధారును అంతకుముందే జతపరచుకొనని కుటుంబములకు అందుచున్న సరుకు విలువ 10 శాతము తగ్గెను. వారిలో నూటికి దాదాపు ముగ్గురికి ఏమియు దక్కకపోయెను. యంత్రము ఒక జాతిదే, వ్రేలిముద్రయు నదే. తేడా యంతయు దానిని దేనితో జతపరచిరి, తప్పినప్పుడు రెండవ త్రోవ నుంచిరా లేదా అను దానిలో నున్నది.

మన ఊళ్లలోని స్మార్ట్‌కార్డు ఏర్పాటు నేడు లేదు. చౌక దుకాణములోని యంత్రము ఇప్పుడు టవరు ద్వారా కేంద్రపు లెక్కను అడుగుచున్నది. కనుక ఒక్కొక్క ఉపాంగమును గూర్చి పెద్దలు తెలిసికొనవలసిన దానిని క్లుప్తముగా చెప్పెదను.

మొదటిది వ్రేలిముద్ర చూచు అద్దము. మట్టిపని, సున్నము, ముదిమి—ఇవి వ్రేలిగీతలను అరగదీయును. యంత్రము కాదన్నంత మాత్రమున మనిషి దొంగ కాడు. వ్రేలిని కడిగి తుడువవలెను, అద్దమును తుడువవలెను, మరియొక వ్రేలిని పెట్టి చూడవలెను. అప్పటికిని కానిచో వేరు మార్గమును అడుగవలెను.

రెండవది రశీదు. దీనికి సిరా లేదు. వేడి తగిలినచోట నల్లబడు పూత ఆ కాగితముపై నుండును. కావున ఎండలో నుంచినను, నూనె తగిలినను, ప్లాస్టిక్ సంచిలో చాలనాళ్లుంచినను అక్షరములు వెలిసిపోవును. దానినే సాక్ష్యమని నమ్మి దాచుకొనుట చాలదు. తేదీ, మొత్తము, రశీదు సంఖ్య—ఈ మూటిని నోటుపుస్తకములో వ్రాసికొనవలెను; లేదా మనుమని చేత ఫోనులో ఛాయాచిత్రము తీయించుకొనవలెను.

మూడవది యంత్రపు గొంతు. మొత్తమును పైకి పలుకు యంత్రమైనచో దాని గొంతు నెవ్వరును తగ్గింపరాదు. ఆ మాట అందరి చెవుల బడుటయే బీదవానికి కాపు.

నాల్గవది బ్యాటరీయు, ఛార్జరును. కరెంటు పోయిన దినమున యంత్రము నిలువవలెనన్న ముందునాటి రాత్రియే దానిని నింపియుంచవలెను. ఈ చిన్న సంగతిని మరచుట వలన ఊరివారి ఒక దినపు కూలి పాడగును.

అయిదవది సిగ్నలు. టవరు అందని మూలన కూర్చున్న యంత్రము బావికి చేరని మోకువంటిది. ఊరిలో ఏ చోట సిగ్నలు బాగుగా నందునో ఊరివారికే తెలియును. ఆ చోటనే బల్ల వేయించుట మీవంటి పెద్దల మాటతో జరుగగల పని.

ఇక నా విన్నపమొక్కటి. గ్రామసభ కూడినప్పుడు ఈ ప్రశ్న నడుగుడు: “యంత్రము కాదన్న దినమున మా మనిషికి రెండవ త్రోవ యేది? ఆ సంగతిని ఏ పుస్తకములో ఎవరు వ్రాయుదురు?” దీనికి సమాధానము స్పష్టముగా దొరకువరకు అడుగుటకు సంకోచింపకుడు. ఎనుబది యేండ్ల ముదుసలి ఎవరో ఊరిలోని పసివానికి సైతము తెలియును. యంత్రమునకు మాత్రము ఆమె వ్రేలి గీతలే తెలియును. ఆ గీతలు అరిగిపోయిన నాడు, ఈమె మా ఊరి మనిషియే యని సాక్ష్యము చెప్పి, ఆమెతో కూడ కార్యాలయము వరకు నడువవలసినవారు మీరే.

యంత్రమును ద్వేషింపనక్కరలేదు. అది చేసిన మేలు లెక్కలతో సహా మీకు విన్నవించితిని. దాని మోకును, గిలకను, బొక్కెనను సరిచూచుకొనుచుందము. అప్పుడు నీరు మడికి చేరును.

సెలవు.