పెరటి గోలెంలో రంగు చేపలు



చేపలంటే మనకు కూరచేపలే. రవ్వ, బొచ్చె కిలోల లెక్కన కొంటాం. మేం ఈరోజు చెప్పేది జత లెక్కన అమ్మే రంగు చేపల సంగతి. గప్పీ, మోలీ, ప్లాటీ. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. కొత్తగా పెంచేవాళ్లకు ఇవే తేలిక.

గాజుతొట్టే కావాలని లేదు, సిమెంటు గోలెం చాలు. బోరు నీళ్లకు గిన్నెల మీద తెల్లపొర పడుతుంది కదా, అట్లాంటి నీళ్లు మోలీకి, గప్పీకి బాగా పడతాయి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా ఒకరోజు మూత లేకుండా ఉంచి పోయాలి. నీళ్లు ఒక్కసారే మొత్తం మార్చొద్దు. వారానికి నాలుగో వంతు తీసి, కొత్తవి పోస్తే సరి. మన ఎండలకు గోలెం మీద నీడ తప్పనిసరి.

ఒక పోతుకు మూడు పెంటులు ఉంచాలి. గప్పీలో రంగుల తోకది పోతు, లావుగా ఉండేది పెంటి. పెంటి కడుపు కింద నల్లమచ్చ పెద్దదైతే కాన్పు దగ్గరైనట్టు. సుమారు నెలకొక కాన్పు. ఒక్కసారి పోతుతో కలిస్తే చాలు, తర్వాత పోతు లేకున్నా కొన్ని కాన్పులు అవుతాయి. కాని తల్లే పిల్లల్ని తినేస్తుంది. గోలెంలో పాచి మొక్కలు వేస్తే పిల్లలు అందులో దాక్కుంటాయి. వాటిని వేరే తొట్టిలోకి తీసి, ఉడికిన గుడ్డు పచ్చసొన నలిపి చిటికెడే వేయాలి. మేత ఎక్కువైతే నీళ్లు కుళ్లి చేపలు చస్తాయి.

ఇక అప్పు మాట. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్‌కు 3 లక్షలు ఖర్చు కట్టారు. అందులో ఆడవాళ్లకు 60 శాతం, అంటే 1 లక్షా 80 వేలు సబ్సిడీ. మిగతా 1 లక్షా 20 వేలు మనదే. ఇప్పుడు దరఖాస్తు తీసుకుంటున్నారా, సబ్సిడీ ఎప్పుడు పడుతుంది అని జిల్లా మత్స్యశాఖలో ముందే అడగండి. సబ్సిడీ ఆలస్యమైనా మన వాయిదా ఆగదు.

చెన్నైలోని కొళత్తూరులో ఎన్నో కుటుంబాలు ఇట్లా తొట్లలో పెంచే బతుకుతున్నాయి. కాని వాళ్ల పక్కనే అంగళ్లున్నాయి. మనకు దగ్గర కర్నూలు, తర్వాత హైదరాబాదు. కాబట్టి ముందు రెండు గోలేలతో మొదలుపెడదాం. దుకాణపాయన ఏ రకం కొంటాడో, జతకు ఎంతిస్తాడో కనుక్కుందాం. రెండు మూడు కాన్పుల పిల్లలు అమ్ముడుపోయినాకే అప్పు తీర్మానం రాసుకుందాం. సంఘంలో ఒకరి అప్పుకు పదిమందిమీ జవాబుదారులమే కదా.

ఒక్క మాట. మిగిలిన చేపల్ని చెరువులో, కాలువలో వదలొద్దు. గప్పీ దక్షిణ అమెరికా చేప. మన నీళ్లలో పెరిగితే ఇక్కడి చిన్నచేపల తిండికి పోటీ వస్తుంది. ఇంటి నీళ్ల తొట్టిలో వేసుకోండి, దోమ పిల్లల్ని తింటుంది.

చేయాలనుకునే అక్కలు వచ్చే మీటింగులో పేర్లు చెప్పండి. కర్నూలు దుకాణాలకు అందరం కలిసే పోదాం.