పని చేసే పెద్దలకు: పింఛను, ఉపాధి హామీ కూలి
(జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం, జూన్ 2025)



ఏ ఊరికి వెళ్లినా పెద్దవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "కరువు పనికి పోతే పింఛను తీసేస్తారంట కదా సారూ?" తీసేయరండీ. ఉపాధి పనికి వెళ్లినందుకు ఎన్టీఆర్ భరోసా పింఛను ఆపాలనే నిబంధన ఎక్కడా లేదు. పింఛనుకు చూసేది కుటుంబ ఆదాయం, భూమి, కరెంటు వాడకం లాంటివి. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10 వేలు దాటకూడదు. ఈ పుకారు నమ్మి ఇంట్లో కూర్చున్నవాళ్లు నష్టపోయేది తమ కూలే.

అసలు ఇబ్బంది యాభై దాటి అరవై నిండనివాళ్లది. బయట పని ఇవ్వరు, వృద్ధాప్య పింఛనుకు వయసు చాలదు. అయితే చేనేత, కల్లుగీత, మత్స్యకార, డప్పు కళాకారులకు, గిరిజనులకు 50 ఏళ్లకే పింఛను ఉంది. చెప్పులు కుట్టే వృత్తివాళ్లకైతే 40కే. నెలకు 4,000 రూపాయలు. వీళ్లలో మీరున్నారా అన్నది ముందు సచివాలయంలో అడగండి.

మిగతావాళ్లకు ఉపాధి హామీయే దిక్కు. దీనికి 18 నిండాలి, అంతే. పై వయసు పరిమితి లేదు. అరవై ఐదేళ్ల అవ్వ కూడా పని అడగొచ్చు. మొక్కలకు నీళ్లు పోయడం, పని దగ్గర కూలీలకు మంచినీళ్లు అందించడం లాంటి తేలిక పనులు పెద్దవాళ్లకు ఇవ్వాలి. గడ్డపారే పట్టమనడం సరికాదు.

అడగడం మాత్రం కాగితం మీద అడగాలి. తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. నోటితో చెప్పి వచ్చేస్తే రేపు మీ చేతిలో ఏమీ ఉండదు. అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని చట్టం. మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, ఆ తర్వాత కనీసం సగం. 2025-26లో మన రాష్ట్రంలో కూలి రోజుకు 307 రూపాయలుగా ఉండేది. కొలతలో పని తక్కువ పడితే చేతికొచ్చేదీ తగ్గుతుంది.

ఇంకో సంగతి. ఏడాదికి హామీ ఇచ్చే పని రోజులు మనిషికి కాదు, ఇంటికి. కొడుకు కార్డులో తల్లి పేరు ఉంటే, అతను చేసిన రోజులు పోగా మిగిలినవే ఆమెకు. విడిగా ఉండి, విడిగా వండుకుని, రేషన్ కార్డు కూడా వేరుగా ఉన్నవాళ్లు విడి జాబ్ కార్డు అడగండి.

డబ్బు దగ్గరే ఎక్కువ తికమక. పింఛను ఒకటో తేదీన ఇంటికి వస్తుంది. వేలిముద్ర అరిగిపోయి పడకపోతే కంటిపాపతోనో, ముఖంతోనో ప్రయత్నించమనండి. పని కోసం బెంగళూరో, హైదరాబాదో వెళ్లి ఒకటి రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో బకాయి కలిపి ఇస్తారు. మూడో నెల కూడా రాకపోతే మాత్రం ఆపేస్తారు. వలస వెళ్లేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకుని రావాలి.

కూలి అలా కాదు, బ్యాంకుకు పోతుంది. అదీ మీరు చెప్పిన ఖాతాకు కాదు, ఆధార్‌కు చివరిగా జోడించిన ఖాతాకు. డ్వాక్రా లోనుకో, గ్యాసుకో వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చి ఉంటే కూలి అక్కడ పడి ఉండొచ్చు. "డబ్బులు రాలేదు" అన్నవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. ఊళ్లోని బ్యాంకు మిత్ర దగ్గర తీసుకునేటప్పుడు రసీదు అడగండి. యంత్రం ఒకసారి పనిచేయలేదంటే రెండోసారి వేలు పెట్టే ముందు, మొదటిసారి డబ్బు కట్ అయిందో లేదో చూపించమనండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

పింఛను గురించో, ఇంట్లో పెద్దల సమస్య గురించో మాట్లాడాలంటే 14567కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు.

జాబ్ కార్డు, పాస్ బుక్ తెచ్చుకున్నవాళ్లు ఇటు పక్క బల్ల దగ్గరకు రండి. నడవలేనివాళ్లు కూర్చునే ఉండండి, ఫీల్డ్ అసిస్టెంట్ మీ దగ్గరకే వస్తారు.