ఓల్డ్ సెటిల్‌మెంట్ పిల్లలు, మాధ్యమిక్ పరీక్ష

పశ్చిమ బెంగాల్‌లో పదో తరగతి గట్టెక్కాలంటే మాధ్యమిక్ పాసవ్వాలి. ఆ పరీక్ష పెట్టే రాష్ట్ర బోర్డుకు 1963 నాటి చట్టం ఆధారం. ఏడు సబ్జెక్టులు, ఒక్కోదానికి 100 మార్కులు. అందులో రాతపరీక్షకు 90, బడిలో వేసేవి 10. పాసు మార్కు 25 మాత్రమే, అదేమంత గండం కాదు.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని తెలుగు రైల్వే కుటుంబాలకు అసలు ప్రశ్న భాషా పేపరు. మొదటి భాషల జాబితాలో బెంగాలీ, హిందీ, ఉర్దూలతోపాటు తెలుగూ ఉంది. అది తీసుకుంటే రెండో భాష ఇంగ్లీషు. ఇంగ్లీషునే మొదట పెట్టుకుంటే మాత్రం రెండోది బెంగాలీ గానీ నేపాలీ గానీ కావాలి. తెలుగుకు అక్కడ చోటు లేదు.

2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది. అది ఆఫీసుల వ్యవహారం, పరీక్ష నిబంధన వేరు. కేంద్ర బోర్డు బడుల్లో చదివేవాళ్లకు మాధ్యమిక్ నియమాలేవీ వర్తించవు.