నీళ్లలో ఊపిరి



హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాం షట్టర్లు ఎత్తినప్పుడల్లా దక్షిణ పినాకినిలో తెల్లటి నురుగు గుట్టలుగా లేస్తుంది. టీవీల్లో చూపిస్తారు, పిల్లలు సెల్‌ఫోన్లలో తీసి ఒకరికొకరు పంపుకుంటారు. నురుగు కంటికి కనబడుతుంది గనక అందరం దాన్ని గురించే మాట్లాడుకుంటాం. ఏట్లో బతికే జీవాల అసలు కష్టం మాత్రం ఆ నురుగు కింద ఉంటుంది. అక్కడ వాటికి ఊపిరాడదు. ఈ పూట ఆ సంగతి చెప్పుకుందాం.

నీళ్లలోనూ ఆక్సిజన్ ఉంటుంది. ఎంత ఉంటుందన్నదే ప్రశ్న. హోసూరు ఎత్తున ఒక లీటరు గాలిలో సుమారు 250 మిల్లీగ్రాముల ఆక్సిజన్ దొరుకుతుంది. అదే లీటరు ఏటి నీళ్లు, ఎంత శుభ్రమైనవైనా, ఏడెనిమిది మిల్లీగ్రాములకు మించి కరిగించుకోలేవు. అంటే మనకు అందేదాంట్లో ముప్పయ్యో వంతుతో చేప సంసారం నడుపుకోవాలి. అందుకే దానికి మొప్పలున్నాయి. మొప్పల్లో నీళ్లు ఒకవైపుకు పారుతుంటే నెత్తురు ఎదురుగా పారుతుంది. అలా ఎదురెదురుగా నడవడం వల్ల నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌లో ముప్పాతిక వంతు దాకా చేప లాగేసుకోగలదు. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌లో నాలుగో వంతు వాడుకుని మిగతాది వదిలేస్తాం. దొరికేది తక్కువైనచోట పొదుపు ఎక్కువ, అంతే.

ఇంత సన్నని బతుకులో మనం ఏం చేస్తున్నామో చూడండి. నందికొండల దగ్గర పుట్టిన ఏరు కొడియాళం దగ్గర తమిళనాడులో అడుగుపెట్టేలోపే బెంగళూరు తూర్పు వైపు మురుగు వచ్చి కలుస్తుంది. బెళ్ళందూరు చెరువు నిండి వర్తూరు చెరువుకు, వర్తూరు నిండి పినాకినికి. బట్టల సబ్బులు, పౌడర్లు నురుగు లేపుతాయి. మురుగులోని మలినాన్ని సూక్ష్మజీవులు తింటాయి. తినడం మంచిదే, నీళ్లు శుభ్రపడేది అలాగే. కానీ తినేటప్పుడు అవి కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి. మలినం ఎక్కువైతే పీల్చేవాళ్లూ ఎక్కువే. చేపలు నిలవాలంటే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గీత గీసింది. ఆ గీత దిగితే చేపలకు గండమే.

చెరువులో చేపలు చచ్చి తేలితే ఎవరో విషం కలిపారని ఊళ్లో అనుకుంటాం. ఒక్కోసారి నిజం కావచ్చు. కానీ చచ్చింది తెల్లవారుజామునా అని ముందు అడగాలి. మురుగుతో ఎరువెక్కిన నీళ్లలో పచ్చటి నాచు దట్టంగా పెరుగుతుంది. పగలు ఎండలో అది ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి వెలుతురు ఉండదు గనక వదలడం ఆగిపోతుంది, పీల్చడం మాత్రం ఆగదు. రాత్రంతా చేపలూ నాచూ సూక్ష్మజీవులూ కలిసి పీల్చేసరికి కోడికూసే వేళకు నీళ్లలో ఏమీ మిగలదు. అప్పుడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తాయి. నీటి పైపొర ఒక్కటే గాలికి తగులుతూ ఉంటుంది కాబట్టి ఆ కాస్త కోసం పోటీ. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతులకు ఈ గుటకలంటే గుండె గుభేలు. ఆ వేళకు ఏరియేటర్లు తిప్పి నీళ్లను చిలుకుతారు. డ్యాంకూ ఊరి చెరువుకూ ఏరియేటరు ఎవరు పెడతారు? అలా తేలిన చేపలు చవకగా వచ్చాయని ఇంటికి తెచ్చుకోకండి. కృష్ణగిరి డ్యాం దగ్గర వేయించిన చేపల రుచి నాకూ తెలుసు. అయినా ఏ చేప దేనివల్ల చచ్చిందో వేపుడు చూస్తే తెలియదు.

చెడిన నీళ్లలో జీవాలే ఉండవనుకోవద్దు. ఉంటాయి, వేరేవి ఉంటాయి. కొర్రమీను సంగతి తీసుకోండి. దాని తలలో మొప్పల పైన ఒక గాలి గది ఉంది. నీళ్లను నమ్ముకోదు. మధ్యమధ్య పైకొచ్చి గాలి మింగి పోతుంది. పైకి రానివ్వకుండా వలతో అడ్డం పెడితే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. చేపల మార్కెట్లో చెంబెడు నీళ్లలో కూడా కొర్రమీను గంటల తరబడి ప్రాణంతో కదులుతూ ఉండేది ఇందుకే. ఇక మురుగు కాలువ అడుగు బురదలో ఎర్రటి సన్న పురుగులు కనబడతాయి. ఆ ఎరుపు మన నెత్తురులో ఉండే హిమోగ్లోబిన్ జాతిదే. ఉన్న కొంచెం ఆక్సిజన్‌ను పట్టి దాచుకోవడానికి అవి దాన్ని పెట్టుకున్నాయి. వేరే చేప ఏదీ లేకుండా ఒక కుంటలో ఇలాంటివే మిగిలాయంటే, పరీక్షకు పంపకముందే ఆ నీళ్ల రిపోర్టు మన చేతికొచ్చినట్టు.

కప్ప మాత్రం ఎటూ తప్పించుకోలేదు. దానికి ఊపిరితిత్తులున్నా చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. ఆక్సిజన్‌ను లోనికి రానిచ్చే ఆ పలచటి తడి చర్మం, నీళ్లలో కలిసిన మందులనూ సబ్బులనూ అలాగే రానిస్తుంది. శూలగిరి, బాగలూరు వైపు కూరగాయల తోటల్లో కొట్టిన పురుగుమందు వానకు కుంటలోకి దిగితే మొదట దెబ్బ తినేవాటిలో కప్పలు ఉంటాయి.

ఇప్పుడు ఇదే కృష్ణగిరి జిల్లాలో రెండో కొసకు పోదాం. అంచెట్టి అడవులు దాటి కావేరి ఒడ్డుకు. ఇక్కడ 2022లో తమిళనాడు ప్రభుత్వం కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యాన్ని ప్రకటించింది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో 686 చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలు, మొసళ్లు, లీత్ మెత్తడిప్ప తాబేళ్లు ఇక్కడి కాపురస్తులు.

నీటికుక్క కుటుంబంతో తిరుగుతుంది, గుంపుగా చేపల్ని తరుముతుంది. మునిగేటప్పుడు ముక్కు, చెవులు మూసుకుంటుంది. దాని ఒంటిమీద రెండు రకాల బొచ్చు ఉంటుంది. పైన తడిసేది, కింద ఒత్తుగా మెత్తగా ఉండేది. ఆ కింది బొచ్చులో గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి నదిలో ఎంతసేపు ఈదినా చర్మానికి చలి సోకదు. మొసలిది వేరే ఉపాయం. గుండెను నెమ్మది చేసుకుని, నెత్తుట్లోని ఆక్సిజన్‌ను చివరి బొట్టు దాకా వాడుకుంటూ చాలాసేపు కదలకుండా మునిగి ఉంటుంది. పైకి కనబడకపోతే లేదనుకోవద్దు. లోతైన నిలవ మడుగుల్లో స్నానాలకు దిగవద్దని అటవీశాఖవాళ్లు చెప్పేది అందుకే. మెత్తడిప్ప తాబేలు ఇసుకలో పూడుకుని, సన్నటి పొడుగు ముక్కు ఒక్కటే పైకి చాపి గాలి పీలుస్తుంది. నీళ్లలో ఉన్నంతసేపూ గొంతు లోపలి పొరతో, చర్మంతో కొంత ఆక్సిజన్ తీసుకుంటుంది.

ఒక అనుమానం రావాలి మీకు. ఇవన్నీ గాలి పీల్చేవే కదా, నీళ్లు చెడితే వీటికేం? వీటికి కాకపోయినా వీటి తిండికి కావాలి. నీటికుక్క తినేది ముఖ్యంగా చేపలనే. చేపకు ఊపిరాడని చోట నీటికుక్కకు కూడు లేదు. కావేరి ఆ కూడు ఎలా పెడుతోందంటే, హొగేనకల్ జలపాతం దగ్గర బండల మీద పడుతూ, రాళ్ల మధ్య విరుగుతూ గాలిని తనలో కలుపుకుంటోంది. నీళ్లు దూకడం కెలవరపల్లి షట్టర్ల దగ్గరా ఉంది. అక్కడ సబ్బు కలిసిన నీరు గాలితో కలిస్తే నురుగవుతోంది, ఇక్కడ ఊపిరవుతోంది.

ఆ కావేరి నీళ్లే హొగేనకల్ పథకం కింద 2013 నుంచి మన కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల కొళాయిల్లోకి వస్తున్నాయి. బోరు నీళ్ల ఫ్లోరైడుతో పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోతున్న ఊళ్ల కోసం పెట్టిన పథకం అది. కొళాయి రోజూ రాదు గనక డ్రమ్ముల్లో, సంపుల్లో పట్టి ఉంచుతాం. అక్కడ ఇంకో నీటి జీవం కాపురం పెడుతుంది. దోమ పిల్ల.

డ్రమ్ము మూత తీసి నీడ పడకుండా పక్కన నిలబడి చూడండి. గోరంత పురుగులు తలకిందులుగా వేలాడుతుంటాయి. తోక చివర ఉన్న గొట్టం నీటి పైపొరకు ఆనించి గాలి పీలుస్తున్నాయవి. డ్రమ్ము మీద వేలితో తట్టండి, అన్నీ మెలికలు తిరుగుతూ అడుగుకు పోతాయి. కాసేపటికి మళ్లీ పైకి రాక తప్పదు, ఊపిరి పైనే ఉంది. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమకు కుళ్లు నీళ్లయినా ఇబ్బంది లేకపోవడానికీ ఈ గొట్టమే కారణం. మన డ్రమ్ములో పెరిగేది మాత్రం డెంగీ మోసే ఏడిస్ దోమ. దానికి ఇంట్లో పట్టిన నీళ్లే ఇష్టం, కుట్టేది పగటిపూట.

గుడ్డు పొదిగి దోమగా ఎగరడానికి ఎండాకాలంలో వారం చాలు. కాబట్టి వారానికొకసారి డ్రమ్ము ఖాళీ చేయాలి. నీళ్లు ఒంపేస్తే పనయిపోలేదు. ఏడిస్ గుడ్లు నీటి గీతకు కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు పట్టగానే పొదుగుతాయి. అందుకని పీచు పెట్టి లోపలి గోడలు గట్టిగా రుద్ది, ఆ కడిగిన నీళ్లను మట్టి మీద పారబోసి, ఆరాక నింపాలి. మూత సరిగా కూర్చోకపోతే పాత పంచె గుడ్డ మడత పెట్టి అంచు చుట్టూ తాడుతో బిగించండి. ఖాళీ చేయలేని సంపుల్లో గప్పీ చేపలు వేయవచ్చు, ఆరోగ్యశాఖవాళ్లను అడిగి చూడండి. ఫ్రిజ్ వెనక పళ్లెం, పూలకుండీ కింది సాసరు కూడా మరిచిపోవద్దు.