మన కాళ్ళ క్రింది నల్లరేగడి
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఈ పాఠశాల డెబ్బది ఐదేండ్ల పండుగలో నన్ను మాట్లాడమన్నప్పుడు ఏ విషయము నెంచుకోవలెనా అని కొంతకాలం తటపటాయించాను. ఉద్యోగ జీవితమంతా మట్టిని పరీక్షించినవాడను. మట్టి గురించి కాక మరి దేని గురించి మాట్లాడినా అది అరువు తెచ్చుకొన్న మాటే అవుతుంది. కనుక మన ఆష్టి చుట్టుప్రక్కల, దిగువన సిరొంచ దాకా, మన రైతులు నమ్ముకొని బ్రతుకుతున్న నల్లరేగడి నేలను శాస్త్రం ఎట్లా పోల్చుకొంటుందో, ఆ పోల్చుకొనడంలో నేనెక్కడ పొరపడ్డానో విన్నవిస్తాను.

ముందుగా ఒక సంతోషకరమైన సంగతి. ఈ నేలకు ప్రపంచ భౌగోళిక గ్రంథాలలో 'రెగర్' అని పేరు. ఆ పేరు మన తెలుగు 'రేగడి'యే. పందొమ్మిదవ శతాబ్దంలో దక్కను పీఠభూమిలో తిరిగిన ఆంగ్ల అధికారులు మన రైతుల నోట విన్నమాటను తమకు పలికినట్లుగా వ్రాసుకొన్నారు. 1898లో లెదర్ అనే రసాయన శాస్త్రవేత్త భారతదేశపు నేలలను ఒండ్రు, రేగడి, ఎర్రనేల, జేగురునేల అని నాలుగు పెద్ద తెగలుగా విభజించినపుడు కూడా ఆ మాటే నిలిచింది. అమెరికా వారి వర్గీకరణలో ఇవే 'వర్టిసోల్'లు. లాటిన్ భాషలో తిరగవేయుట అనే అర్థంగల ధాతువునుండి వచ్చిన మాట. వేసవిలో నెర్రెలు విచ్చినప్పుడు పైమట్టి లోనికి రాలుతుంది. వానకు అడుగుమట్టి ఉబ్బి పైకి నెట్టుకు వస్తుంది. రేగడి తనను తానే దున్నుకొంటుందని మన పెద్దలనేవారు. రెండు మాటల తాత్పర్యం ఒక్కటే.

మన ప్రాంతానికి మరొక సంపద ఉన్నది. ఇంట్లో రేగడి, చెల్క, దుబ్బ అన్న తెలుగు మాటలు వింటాము. పొలం గట్టు దాటి మరాఠీ రైతును పలకరిస్తే కన్హార్, మోరండ్, ఖర్డీ, బర్డీ అంటాడు. బరువైన నల్లనేల కన్హార్; సున్నపు గుండ్లతో కలిసిన మధ్యరకం మోరండ్; పలుచనిది ఖర్డీ; మిట్ట మీది గరుసునేల బర్డీ. పూర్వం మధ్యపరగణాల భూమిశిస్తు బందోబస్తులలో శిస్తు కట్టడానికి ఇట్టి పేర్లనే ఆధారం చేసుకొన్నారు. ఈ పేర్లలో రంగొక్కటే లేదు. లోతున్నది, వాలున్నది, నీటి నడక ఉన్నది. ఈ మాట ఎందుకంటున్నానో మా బాపు కథ చెబితే తెలుస్తుంది.

వ్యవసాయ కళాశాలలో చదువుతున్న రోజులవి. మాకు రెండు చెలకలు. ఒకటి మిట్టమీద, రెండవది వాగు ప్రక్క పల్లంలో. సెలవులకు వచ్చినపుడు రెండింటి పైమట్టిని జానెడు లోతు వరకు తీసి, గుడ్డసంచులలో నింపి, పేర్లు వ్రాసి పట్టుకుపోయాను. పరీక్షలో రెండింటి ఉదజని సూచిక ఇంచుమించు ఒకటే. సేంద్రియ కర్బనం రెండింటిలోనూ తక్కువే. భాస్వరం కొంచెం తేడా. కాగితం మీద చూస్తే కవలపిల్లల వలె ఉన్నవి. పల్లపు చేనులో వరి మాని ప్రత్తి పెట్టవచ్చునని బాపుకు ఉత్తరం వ్రాశాను. కొడుకు చదువు మీద ఆయనకున్న నమ్మకం అంతటిది; మారుమాట లేకుండా పెట్టాడు. ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. మిట్టచేను నిలబడ్డది. పల్లంలో నీరు దిగలేదు, ఇగరలేదు. మొక్క పసుపెక్కి, వేరు నల్లబడి, పూత రాకముందే పోయింది. ఆ శీతకాలంలో ఎడ్లజత అమ్మవలసి వచ్చింది.

నేను ఇంటికి వచ్చినపుడు ఆయన కోపగించలేదు. "బిడ్డా, నువ్వు మన్నునైతే సంచిల పట్కపోయినవు గని, దాని జాగను పట్కపోలేదు గదా" అన్నాడు. మృత్తికాశాస్త్రంలో నేను నేర్చిన మొదటి పాఠం ఆ వాక్యమే.

ఆ మరుసటి వేసవిలో పల్లపు చేనులో నిలువెత్తు గొయ్యి త్రవ్వాము. శాస్త్రీయంగా నేలను పోల్చుకొనడం అక్కడినుండే మొదలు కావలెను. గోతి గోడను కత్తితో చెక్కి, పొరలు ఎక్కడెక్కడ మారుతున్నవో గుర్తు పెడతారు. మన్‌సెల్ రంగుల పుస్తకంతో తడిమట్టి రంగు సరిపోలుస్తారు. రెండు వ్రేళ్ళ నడుమ మట్టిని పాము వలె సాగదీసి బంకమన్ను పాలు అంచనా వేస్తారు. పలుచని హైడ్రోక్లోరికామ్లం చుక్క వేస్తే నురుగు లేచినచోట సున్నం ఉన్నట్లు. అన్నింటికంటే ముఖ్యం, మోకాలి లోతుకు దిగువన, మట్టిగడ్డల ముఖాల మీద సానపట్టినట్లు మెరిసే నునుపైన పలకలు. ఉబ్బిన మట్టి చోటు చాలక ఒకదానిపై నొకటి ఏటవాలుగా జారినందువల్ల ఏర్పడే గుర్తులవి. పై నుండి మీటరు లోపల ఈ పలకలు, పైమట్టి నుండి అర మీటరు వరకు నూటికి 30 పాళ్ళకు తగ్గని బంకమన్ను, ఏటేటా తెరచుకొని మూసుకొనే నెర్రెలు, ఈ మూడూ ఉంటేనే అది వర్టిసోల్. ఎంత నల్లగా ఉన్నా ఈ మూడూ లేనిది కాదు. మా మిట్టచేను నల్లనిదే కాని, రెండడుగుల క్రింద మొరం తగిలింది. అది నీరు వడిసిపోయే చోటు. పల్లంలో ఎంత త్రవ్వినా బంకయే.

నలుపును గురించి ఒక భ్రమ ఉన్నది. నల్లగా ఉంటే సారవంతమని మనవారి నమ్మిక. రష్యాలో డొకుచాయెవ్ 1883లో వర్ణించిన చెర్నోజెమ్ నల్లనిది. అక్కడి నలుపు శతాబ్దాలుగా కుళ్ళిన గడ్డి ఇచ్చిన జీవాంశం వలననే. మన రేగడిలో సేంద్రియ కర్బనం చాలాచోట్ల ఒక శాతం కూడ ఉండదు. ఉన్న కొద్దిపాటి జీవాంశం బంకరేణువులను గట్టిగా అంటిపెట్టుకొని ఉండడంవల్ల వచ్చిన రంగిది. రంగు చూసి ఎరువు మానుకొన్న రైతును నేను చాలామందిని చూశాను.

ఇక ప్రయోగశాల సంగతి. ఇసుక, ఒండ్రు, బంకల పాళ్ళు, ఉదజని సూచిక, సున్నం, ధన అయాన్ల వినిమయ సామర్థ్యం, తడిముద్ద ఆరితే ఎంత కుదించుకుపోతుందన్న కొలత, వీటిని పొరపొరకూ తీయవలెను. నిడివిలో నూటికి ఆరు పాళ్ళకు మించి కుదించుకొంటే ఆ నేల మీద గోడ కట్టేవారు కూడా జాగ్రత్తపడవలెను. కాని విదర్భ రేగడిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంకె వినిమయ సోడియం శాతం. అంతర్జాతీయ గ్రంథాలు 15 దాటితేనే చౌడు అంటాయి. నాగపూరులో 1976లో నెలకొన్న జాతీయ మృత్తికా సర్వేక్షణ, భూవినియోగ ప్రణాళికా సంస్థ శాస్త్రవేత్తలు విదర్భ ప్రత్తినేలలలో చేసిన పరిశీలనలు మరొకటి చెప్పాయి. 5, 6 దగ్గరకు వచ్చేసరికే బంకరేణువులు విడిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి, నీరు దిగదు, దిగుబడి పడిపోతుంది. పైకి ఉప్పు పొర కనబడదు. జానెడు లోతు మట్టి తీస్తే అది తెలియదు, ఎందుకంటే ఆ సోడియం చేరేది అడుగు పొరలలో.

2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకాన్ని నేను తక్కువచేసి చెప్పడం లేదు. పన్నెండు పరీక్షల ఫలితం రైతు చేతికి అందడం మంచిదే. ఏ ఎరువు ఎంత వేయవలెనో దానినిబట్టి తేల్చుకోవచ్చు. అయితే ఆ నమూనా సుమారు 15 సెంటీమీటర్ల లోతుది. వర్షాధార భూములలో పది హెక్టార్లకొకటి. ప్రత్తివేరు మీటరుకు పైగా దిగుతుంది. పత్రం ఎరువు చిట్టీ మాత్రమే, నేల జాతకం కాదు.

జాతకానికి వాతావరణం, స్థలం కూడ కలవాలి. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిసాట్ పొలాలలో ఒకే ఆవరణలో ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నవి. అక్కడి నల్లనేలకు కాశిరెడ్డిపల్లి అని పేరు. మీటరు వెడల్పు ఎత్తుమడి, అరమీటరు కాలువ పద్ధతిలో వానకాలంలోను, యాసంగిలోను పంట తీసి, 1976 నుండి మూడు దశాబ్దాలకు పైగా సాగిన ప్రయోగంలో హెక్టారుకు సగటున సుమారు 5.1 టన్నుల గింజ పండించారు. ప్రక్కనే వానకాలం బీడుపెట్టి పాతపద్ధతిలో చేసిన చోట 1.1 టన్నులు. గొప్ప ఫలితమే. దానిని చదివిన ఉత్సాహంలో కొందరు అదే కొలతలతో మన దగ్గర కాలువలు తీయమన్నారు. అక్కడ వాన ఏటికి సుమారు 800 మిల్లీమీటర్లు. గడిచిరోలి జిల్లాలో అది 1,300కు పైమాట, అదీ ముప్పాతిక మించి నాలుగు నెలలలోనే. అదే నేల ఇక్కడ వేసవిలో నెర్రెలిచ్చి, ఆషాఢం వెళ్ళేసరికి ముద్దయి ఊపిరాడకుండా అయిపోతుంది. అక్కడి సమస్య నీటిని నిలుపుకొనడం. ఇక్కడ నీటిని పంపించడం. మన పెద్దలు బంధాలు కట్టి పల్లంలో వరి వేసి, కోతకు ముందే తడిమట్టిలో లాఖోళీ చల్లుకొన్నది అజ్ఞానం వల్ల కాదు.

స్థలం మాటకు వస్తే, ఆష్టి నుండి వైన్‌గంగ ఒడ్డు వరకు నడవండి, మీకే తెలుస్తుంది. మిట్టన ఎర్రని గరుసు, నడిమి వాలున గోధుమవన్నె, దిగువన నలుపు, ఒడ్డున ఇంకా పొరలు పండని కొత్త ఒండ్రు. ఎగువన కరిగిన సున్నం, బంక పల్లానికి చేరి అక్కడ రేగడి పండుతుంది. దీనికి తోడు ఏరు తెచ్చినది వేరు. వైన్‌గంగ సివనీ పీఠభూమిలో పుడుతుంది, వార్ధా బేతుల్ జిల్లాలోని ముల్తాయి ఎత్తున పుడుతుంది. రెండూ అగ్నిపర్వత శిలల మీద పుట్టిన నదులే. చప్రాళా దగ్గర కలసి ప్రాణహితయై, ఆ మట్టినే సిరొంచ మిరపతోటల దాకా మోసుకుపోతున్నవి.

ఇక్కడనే నా అసలు మనవి. 2019 జూన్ 21న మేడిగడ్డ ఆనకట్ట ప్రారంభమైంది. 2022 జూలై వరదలలో సిరొంచ తాలూకా తీరగ్రామాల పొలాలు మునిగాయి. 2023 అక్టోబరు 21న ఆనకట్ట స్తంభాలు కొన్ని కుంగాయి. దాని తప్పొప్పులు తేల్చడానికి నేను తగను. నేను చూసినదల్లా, మునిగిన చేను గట్టున నిలబడ్డ రైతు చేతిలో సాత్‌బారా ఉతారా తప్ప మరేమీ లేదు. అందులో జిరాయతా, బాగాయతా అని ఉంటుంది. మీటరున్నర రేగడి ఉండేదనీ, దానిమీద ఇసుక మేట వేసిందనీ, అడుగుపొరలో నీరు నిలిచిందనీ చెప్పడానికి కాగితం లేదు. ముందేమున్నదో వ్రాసి ఉంచనప్పుడు తరువాత ఏమి పోయిందో ఎవరి ముందు పెడతాము? నష్టపరిహారం కోరడానికే కాదు, ఆ చేను మళ్ళీ ఏ పంటకు పనికివస్తుందో తెలుసుకోవడానికైనా ఆ పాతలెక్క కావాలి.

అందుచేత ఉపాధ్యాయులకు ఒక సూచన. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఏటా వేసవికి ముందు తమ ఊళ్ళలో మూడుచోట్ల, మిట్టన, వాలున, పల్లాన, గోతుల పొరలు చూసి ఒక పుస్తకంలో తెలుగులోనే వ్రాయవచ్చు. పొరల లోతు, రంగు, నెర్రె వెడల్పు, సున్నం నురుగు. పది సెంటీమీటర్ల తడిమట్టి బద్ద ఎండినాక ఎంత మిగిలినది. వాన వెలిసిన ఎన్నాళ్ళకు నాగలి పట్టే పదును వచ్చినది. ప్రక్కన తాతల నోటి పేరు, మరాఠీ పేరు రెండూ వ్రాయాలి. దీనికి యంత్రాలు అక్కరలేదు. గడ్డపార, పార, టేపు చాలు. ఆ పుస్తకాలు పాఠశాల బీరువాలో పదేండ్లు నిలిస్తే, ప్రయోగశాలలు వాటిని వెతుక్కుంటూ వస్తాయి. మా బాపు జ్ఞాపకార్థం టేపులు, ఆమ్లం సీసాలు, రంగుల పుస్తకం ఒకటి ఈరోజు ప్రధానోపాధ్యాయులకు అందజేస్తున్నాను.

రేపు ఉదయం ఏడు గంటలకు మా పల్లపు చేనులో గొయ్యి త్రవ్వించి ఉంచాను. వచ్చేవారు చెప్పులు గట్టునే విడిచి, గోతి అంచుకు దూరంగా నిలబడాలి. ఎండిన రేగడి గోడ చెప్పకుండా విరుగుతుంది. చిన్నపిల్లలను లోనికి దింపవద్దు. మెరిసే పలకను చూడగోరినవారికి గడ్డలు నేనే పైకి తీసి ఇస్తాను. సాయంత్రానికి గొయ్యి పూడ్పించాలి, ఎల్లుండి మేకలు అటే వస్తాయి.