గురి తప్పిన నాడు
(ప్రసంగ పాఠం)



జంషెడ్‌పూర్ నుండి ఖర్కాయి నది వంతెన దాటితే ఆదిత్యపూర్ వస్తుంది. కర్మాగారాలతో నిండిన ఈ పట్టణంలోను, నది ఆవలి ఉక్కునగరంలోను హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ భాషలతో పాటు తెలుగు కూడ తరతరాలుగా వినిపిస్తున్నది. ఆదిత్యపూర్ సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాలోనిది. ఆ జిల్లాలోనే ఖర్సావాన్‌లో ఉన్న విలువిద్యా శిక్షణాలయంలో 2005లో ఒక బాలిక చేరినది. తండ్రి రాంచీ ప్రాంతంలో ఆటోరిక్షా నడిపేవాడు. ఆ బాలికయే దీపికా కుమారి. 2006లో జంషెడ్‌పూర్‌లోని టాటా విలువిద్యా అకాడమీ ఆమెను చేర్చుకొన్నది. 2009లో అమెరికాలోని ఆగ్డెన్‌లో ఆమె క్యాడెట్ ప్రపంచ విజేత అయినది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో రెండు స్వర్ణపతకాలు గెలిచినది.

సభలలో ఈ కథను ఇంతవరకే చెప్పి చప్పట్లు కొట్టించడం పరిపాటి. తల్లిదండ్రులు వినవలసినది తరువాతి భాగం. 2012లో ప్రపంచ ప్రథమ స్థానంతో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళి, వ్యక్తిగత పోటీలో తొలి రౌండులోనే ఓడిపోయినది. 2021 జూన్‌లో పారిస్ ప్రపంచ కప్ పోటీలలో మూడు స్వర్ణాలు గెలిచి, మరుసటి నెలలో టోక్యోలో క్వార్టర్ ఫైనల్ దాటలేకపోయినది. తల్లి అయిన తరువాత, 2024లో షాంఘైలో మళ్ళీ రజతం సాధించినది. ఈ రేఖను కాగితంపై గీస్తే మెట్లవలె ఉండదు, దల్మా కొండల వరుసవలె ఉంటుంది.

ఎదిగే పిల్లల విషయంలో ఈ ఎగుడుదిగుడులకు మరొక కారణం కూడ ఉన్నది. పదమూడు, పద్నాలుగేండ్ల వయస్సులో చేతులు పొడవెక్కుతాయి. నారి లాగే పొడవు మారుతుంది. నిన్నటి వరకు సరిపోయిన బాణాలు నేడు సరిపోవు. విల్లు బరువు పెంచితే కొన్ని వారాలపాటు భుజం వణుకుతుంది. రికర్వ్ విల్లుతో 18 ఏండ్లలోపు వారు 60 మీటర్ల నుండి వేస్తారు. ఆ పైన దూరం 70 మీటర్లు. పది పాయింట్ల వలయం వ్యాసం అక్కడ 12.2 సెంటీమీటర్లు మాత్రమే. వేలి కొసలో జరిగిన చిన్న పొరపాటు అంత దూరాన పెద్దదవుతుంది. పాయింట్లు తగ్గిన ఆ నెలలలోనే పిల్లవాడు నిజంగా నేర్చుకొంటూ ఉండవచ్చును. ఇంటివారికి మాత్రం అంకె ఒక్కటే కనిపిస్తుంది.

షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి గుమ్మంలోనే “ఎన్ని పాయింట్లు?” అని అడుగుతాడు. అప్పు చేసి విల్లు కొన్నవానికి తప్పిన ప్రతి బాణమూ రూపాయలుగా తోచడం సహజమే. అయినను ఆ లెక్క బాలునికి వినిపించరాదు. విన్న బాలుడు లక్ష్యాన్ని చూడడం మాని తండ్రి ముఖాన్ని చూడడం మొదలుపెడతాడు. పాయింట్ల పక్కనే ఎత్తు, విల్లు బరువు, సాధన చేసిన దినాలు ఒక నోటు పుస్తకంలో వ్రాసి ఉంచితే, అంకె ఎందుకు తగ్గినదో చాలాసార్లు ఆ పుస్తకమే చెబుతుంది. సందేహముంటే శిక్షకుని అడగాలి. మైదానం అంచున నిలిచి కేకలు వేయడం వలన శిక్షకుని మాట కూడ వినబడకుండ పోతుంది.

పిల్లవాడు ఆట మానుతానంటే ఆ మాటా వినవలసినదే. అయితే ఓడిన రాత్రి ఆ చర్చ వద్దు. ఆ రాత్రికి అన్నం పెట్టి నిద్రపోనిస్తే చాలును. రెండు దినాల తరువాత, సెలవు పూట, తానే విల్లు తీసి నారి చూచుకొంటున్నప్పుడు పక్కన కూర్చుని అడగవచ్చును.