కోర్టు కాగితం వస్తే



విజయనగరంలో ఒకాయన ప్రైవేటు స్టాండులో బండి పెట్టాడనుకుందాం. మూడు రోజుల డబ్బు కట్టాడు. స్టాండు యజమాని ముప్పై రోజుల బాకీ అన్నాడు. కోర్టులో దావా వేశాడు. సమను వచ్చింది.

"డబ్బులిచ్చీసినాను. ఇంక నాకేటి?" అని ఆయన కాగితాన్ని చూరులో దోపాడు. అదే తప్పు.

ఇది పోలీసు కేసు కాదు, సివిలు దావా. కానీ వాయిదాకు వెళ్లకపోతే కోర్టు అవతలి వాళ్ల మాటే విని డిక్రీ ఇవ్వవచ్చు. తర్వాత సామాను జప్తు దాకా పోవచ్చు.

సమను అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. తగిన కారణం చూపితే కోర్టు గడువు పెంచవచ్చు, అదీ మొత్తం 90 రోజుల వరకే. "అంతా అబద్ధం" అని రాస్తే చాలదు. ఏ మాట నిజం, ఏ మాట కాదు, విడివిడిగా రాయాలి. కాదనని మాటను ఒప్పుకున్నట్టే తీసుకోవచ్చు. డబ్బు కట్టిన రసీదు ఉండాలి. మనవాళ్లు అక్కడికక్కడే నలిపి పారేసే చీటీ అదే!

వకీలుకు డబ్బు లేదా? 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఫోను నంబరు 15100.

ఆయన భార్య రాత్రిబడిలో చదువు నేర్చింది. చూరులోంచి కాగితం తీసి, కూడబలుక్కుని చదివింది. గడువు ఇంకా 11 రోజులుంది.